మన వైఫైలో ఎవరెవరున్నారు: ఒక ఇంటి లెక్క

పోయిన దసరాల్లో మూలా నక్షత్రం రోజు. మా అత్తయ్య హాల్లో కూర్చుని ఇంద్రకీలాద్రి నుంచి వస్తున్న లైవ్ చూస్తున్నారు. మోకాళ్ల నొప్పులతో ఆ రద్దీలో క్యూలో నిలబడలేరు. సరస్వతీదేవి అలంకారం టీవీలోనైనా చూసుకుందామని పొద్దున్నే తలస్నానం చేసి, టీవీ పక్కన చిన్న పీట వేసి దీపం కూడా పెట్టుకున్నారు. హారతి మొదలైంది. ఆవిడ లేచి నిలబడి చేతులు జోడించారు. సరిగ్గా అప్పుడు అమ్మవారు మాయమై, తెర మీద ఒక కార్టూన్ పిల్లి గెంతుకుంటూ వచ్చింది.

ఏం జరిగిందో అర్థం కాక ఆవిడ జోడించిన చేతులతోనే నా వైపు చూశారు. నేను రిమోట్ వెతికి, దాన్ని ఆపి, మళ్లీ లైవ్ పెట్టేసరికి హారతి అయిపోయింది.

మా అబ్బాయి ఫోన్ చార్జింగ్‌లో ఉంది. నాది వంటింట్లో ఉంది. మా ఆయన బయటికి వెళ్లారు. పిల్లి వచ్చినప్పుడు తెర మూలన ఒక ఫోన్ పేరు కనిపించింది, అది మా ఇంట్లో ఎవరిదీ కాదు. ఫోన్ నుంచి టీవీకి అలా వీడియో రావాలంటే మామూలుగా రెండూ ఒకే వైఫైలో ఉండాలి. అంటే మాది కాని ఫోన్ ఏదో మా నెట్‌లో ఉంది. ఎప్పటి నుంచి ఉందో తెలియదు.

ఆ రాత్రి వంటింటి పని అయ్యాక రౌటర్ పేజీ తెరిచాను. ఈ వ్యాసం ఆ పేజీ ఎలా తెరవాలో చెప్పడానికి రాయడం లేదు. బాక్స్ అడుగున స్టిక్కర్ మీద 192.168.1.1 అనో 192.168.0.1 అనో ఉంటుంది, పక్కనే లాగిన్ వివరాలు ఉంటాయి, ఇంట్లో పదో తరగతి పిల్లవాడెవరున్నా రెండు నిమిషాల్లో తెరిచి ఇస్తాడు. తెరిచాక కనపడే జాబితాని ఎలా చదవాలన్న దాని మీదే నాకు ఒక గట్టి అభిప్రాయం ఏర్పడింది. మనలో చాలామంది దాన్ని తప్పుగా చదువుతున్నాం. తప్పుగా చదివి, తప్పుడు మనుషుల మీద అనుమానం పెంచుకుంటున్నాం.

నా విషయంలో కూడా మొదట అదే జరగబోయింది. జాబితాలో 18 వరుసలు ఉన్నాయి. ఇంట్లో నేను వేళ్ల మీద లెక్కపెట్టినవి ఎనిమిది: మూడు ఫోన్లు, అత్తయ్య ట్యాబ్, టీవీ, రెండు ల్యాప్‌టాప్‌లు, ప్రింటర్. మిగతా పది ఎవరివి? మా ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "పక్కన హాస్టల్ కుర్రాళ్లు. ఇంకెవరు? గోడ ఆనుకునే ఉంది. రేపు ఆ వార్డెన్‌తో మాట్లాడతా" అన్నారు. మేముండేది విజయవాడ పటమటలో. మా ప్రహరీకి అవతల ఇంటర్ కుర్రాళ్ల హాస్టల్. రాత్రి పదకొండు దాటినా వాళ్ల మాటలు మాకు వినిపిస్తుంటాయి. అనుమానానికి అంతకన్నా అనువైనవాళ్లు ఎవరుంటారు?

నేను ఒక్క రోజు ఆగమన్నాను. ఆగమన్నందుకు ఇప్పటికీ సంతోషిస్తున్నాను.

పాస్‌బుక్, క్యాష్‌బుక్

నేను ఇంటర్ పిల్లలకి కామర్స్ చెబుతాను. మా సిలబస్‌లో బ్యాంకు నిల్వల సమన్వయ పట్టిక అని ఒక పాఠం ఉంది. వ్యాపారి క్యాష్‌బుక్‌లో ఒక నిల్వ ఉంటుంది, బ్యాంకు పాస్‌బుక్‌లో ఇంకొకటి ఉంటుంది. రెండూ కలవవు. ఏటా ఈ పాఠం మొదలుపెట్టినప్పుడు ఎవరో ఒక పిల్లవాడు "అయితే ఎవరో డబ్బులు తినేశారు మేడం" అంటాడు. ఆ తొందర తగ్గించడానికే ఆ పాఠం ఉంది. ఇచ్చిన చెక్కు ఇంకా బ్యాంకుకి చేరలేదేమో. బ్యాంకు చార్జీలు కోసుకుంది, మనం రాసుకోలేదేమో. ఒకే మొత్తాన్ని రెండుసార్లు రాశామేమో. ఒక్కొక్క పద్దూ తీసి కారణం రాసుకుంటూ పోతే చివరికి తేడా అంతా మాయమవుతుంది, లేదా నిజంగా వెతకాల్సిన ఒకటో రెండో పద్దులు మిగులుతాయి.

వైఫై జాబితా కూడా పాస్‌బుక్కే. మన దగ్గర క్యాష్‌బుక్ లేకుండా పాస్‌బుక్ ఒక్కటే చూసి కంగారు పడుతున్నాం.

మర్నాడు ఒక పాత నోటుపుస్తకం తీసుకుని కూర్చున్నాను. ఇంట్లో ఉన్న ప్రతి వస్తువునీ వైఫై నుంచి తీసేయడం, జాబితాలో ఏ వరుస పోయిందో చూసి దాని పక్కన పేరు రాసుకోవడం. మా అబ్బాయి సాయం పట్టాడు. పూట పట్టింది.

పేరు చూస్తేనే భయం పుట్టినవి రెండున్నాయి. ఇంగ్లిష్‌లో ఇ, ఎస్, పి అని మొదలై, తర్వాత అంకెలు, అక్షరాలు. వైఫైలో చేరే ప్రతి యంత్రానికీ మ్యాక్ అడ్రస్ అని ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది, దానిలో మొదటి ఆరు అక్షరాలు బట్టి తయారీదారు ఎవరో చెప్పే వెబ్‌సైట్లు ఉన్నాయి. అందులో వెతికితే ఎస్ప్రెసిఫ్ అనే షాంఘై కంపెనీ అని వచ్చింది. మా ఇంట్లోకి చైనా నుంచి ఎవరో జొరబడ్డారని మా ఆయన అన్నారు. తీరా చూస్తే ఒకటి గీజర్ స్మార్ట్ ప్లగ్గు, ఇంకొకటి మా అబ్బాయి గదిలో రంగులు మార్చే బల్బు. ఇలాంటి చౌక వస్తువుల్లో చాలావాటిలో ఆ కంపెనీ చిప్పే ఉంటుందట. గోడకి తగిలించిన ప్లగ్గు నెట్‌లో ఉన్న ఒక యంత్రమన్న సంగతి నా బుర్రకి తట్టనే లేదు.

మూడోది మేడ మీద సోలార్ ఇన్వర్టర్‌కి గుచ్చిన చిన్న స్టిక్. ఈ రోజు ఎన్ని యూనిట్లు వచ్చాయో ఫోన్‌లో చూపించడానికి అది వైఫై వాడుతుంది. బిగించడానికి వచ్చినతను "పాస్‌వర్డ్ చెప్పండి మేడం" అంటే మెట్ల మీద నిలబడి గట్టిగా చెప్పాను. నాలుగోది గేటు మీద కెమెరా. అయిదోది అత్తయ్య గదిలో అల్మరా మీద పడి ఉన్న నా పాత ఫోన్. రోజూ తెల్లవారుజామున సుప్రభాతం మోగేది అందులోనే.

ఆరోదీ ఏడోదీ నాకు ఎక్కువ పాఠం నేర్పాయి. ఆరోది మా అబ్బాయి ఫోనే, రెండోసారి. ఆండ్రాయిడ్ 10 వచ్చిన 2019 నుంచి, ఐఫోన్లలో 2020లో ఐఓఎస్ 14 నుంచి, ఫోన్లు వైఫైకి తమ అసలు మ్యాక్ అడ్రస్ చెప్పకుండా ఒక ఉత్తుత్తి అడ్రస్ చెప్పగలవు. మంచికే పెట్టారు, బజార్లో మాల్‌లో మనల్ని ఎవరూ ఆనవాలు పట్టకుండా. వాడు ముందు రోజు ఏదో సరిచేయబోయి వైఫై సెట్టింగులన్నీ చెరిపేసి మళ్లీ కలిపాడు. ఫోన్ కొత్త అడ్రస్‌తో వచ్చింది. ఒకే మనిషి రెండు పేర్లతో హాజరు వేయించుకున్నట్టు. అడ్రస్‌లో రెండో అక్షరం 2, 6, ఏ, ఇ వీటిలో ఏదైనా అయితే అది సాధారణంగా ఇలా కల్పించినదే. తయారీదారు పేరు వెతికితే దొరకదు. "గుర్తు తెలియనిది" అని చూపిస్తుంది. ఆ మాట చూసే మనం హడలిపోతాం.

ఏడోది పొద్దున వచ్చి మధ్యాహ్నం వెళ్లిపోయిన మా ఆడపడుచు కూతురిది. ఆ పిల్ల ఫోన్ రాత్రికల్లా సింగ్ నగర్‌లో ఉంది. మా జాబితాలో మాత్రం ఇంకా మా ఇంట్లోనే ఉంది. రౌటర్ ఒక్కొక్క ఫోన్‌కి నంబర్ ఇచ్చి కొంత గడువు పెడుతుంది, చాలా రౌటర్లలో అది ఒక రోజు. గడువు తీరేదాకా పేరు తీయదు. చేరని చెక్కు లాగే, ఇదీ కాలం వల్ల వచ్చిన తేడా.

ఇలా పదిలో ఏడు తేలిపోయాయి. ఏడూ మావే, లేదా మావాళ్లవే. ఆ ముందు రాత్రే హాస్టల్‌కి వెళ్లి ఉంటే ఆ వార్డెన్ నలుగురు పిల్లలని వరసలో నిలబెట్టి ఫోన్లు లాక్కునేవాడు. వాళ్లకి ఇళ్లు దూరం. ఇళ్లకి ఫోన్లు వెళ్లేవి. నేను రోజూ అలాంటి పిల్లల మధ్యే ఉంటాను కాబట్టి అది చిన్న విషయమని అనుకోలేను.

తలుపు తీసింది మేమే

మిగిలినవి మూడు. వాటిలో ఒకదాని పేరు టీవీలో పిల్లితో పాటు కనిపించినదే. అది గట్టిగా చదివాను. అత్తయ్య ముగ్గు చిప్ప పక్కన పెట్టి, "అది పైన అమ్మాయి ఫోనేమోనే. వరదలప్పుడు నేనే చెప్పాగా నంబరు" అన్నారు.

2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగు సింగ్ నగర్‌ని ముంచినప్పుడు మా ఆడపడుచు కుటుంబం రెండు రోజులు మేడ మీద ఉండి, మూడో రోజు పడవలో బయటికి వచ్చి మా ఇంటికి చేరారు. వాళ్లతో పాటు వాళ్ల ఎదురింటివాళ్లు కూడా. మొత్తం తొమ్మిది మంది. మా వైపు కరెంటు ఉంది, నెట్ ఉంది. హాల్లో ప్లగ్ దొరికిన చోటల్లా ఫోన్లు. అందరూ ఎవరికో ఒకరికి బతికే ఉన్నామని చెప్పాలి, మునిగిన బళ్ల ఫొటోలు ఇన్సూరెన్స్‌కి పంపాలి, తిరిగి వెళ్లడానికి నీళ్లు ఎంత తగ్గాయో చూడాలి. పాస్‌వర్డ్ ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించింది నేనే. పై వాటాలో అద్దెకున్న వాళ్ల నెట్ కేబుల్ ఆ వారం ఎక్కడో తెగింది. వాళ్ల పాపకి జ్వరం, డాక్టర్‌తో వీడియోలో మాట్లాడాలి. అత్తయ్య చెప్పారు. చెప్పాలి కూడా.

నీళ్లు తీశాయి. అందరూ వెళ్లారు. కాగితం కూడా ఎప్పుడో ఊడిపోయింది. పాస్‌వర్డ్ మాత్రం అదే ఉంది.

ఈ జాబితా నాకు నిజంగా చూపించింది దొంగలని కాదని ఆ రోజు అర్థమైంది. మేము ఎవరెవరికి ఎప్పుడెప్పుడు ఇల్లు తెరిచామో, తెరిచి ఎలా మరిచిపోయామో అది చూపిస్తోంది. ట్యూషన్‌కి వచ్చే పిల్లలు, కెమెరా బిగించినతను, సోలార్ అతను, వరద చుట్టాలు, పై వాటా. ఇవ్వడం నోటితో ఒక్క క్షణంలో అయిపోతుంది. వెనక్కి తీసుకోవడానికి మాట లేదు, మర్యాదా లేదు. పైగా ఒకరికి ఇచ్చింది ఒకరితో ఆగదు. ఇప్పటి ఫోన్లలో వైఫై పేరు నొక్కితే ఒక క్యూఆర్ కోడ్ వస్తుంది, పక్కవాడు స్కాన్ చేస్తే కలిసిపోతాడు. ఆ గళ్ల వెనక పాస్‌వర్డ్ మామూలు అక్షరాల్లోనే ఉంటుంది. మా చుట్టం వాళ్ల చుట్టానికి ఇస్తే నాకు తెలిసే దారి లేదు.

రెండో వరుస ఒక చిన్న రౌటర్. అది కూడా పై వాటాదే. వెనక గదికి సిగ్నల్ అందక, ఆ అమ్మాయి భర్త మా వైఫైని అందుకుని తమ ఇంట్లో పంచే రౌటర్ ఒకటి కొని పెట్టుకున్నారు. ఇది చాలామందికి తెలియదు: అలా పెట్టిన రౌటర్ వెనక ఎన్ని ఫోన్లు, టీవీలు ఉన్నా మన జాబితాలో అది ఒక్క వరుసగానే కనిపించవచ్చు. అంటే వరుసలు తక్కువగా ఉన్నాయని నిశ్చింతగా ఉండటానికీ లేదు. ఎక్కువ ఉంటే దొంగలు కారు, తక్కువ ఉంటే భద్రమూ కాదు.

మూడో వరుస ఎవరిదో ఇప్పటికీ తేలలేదు.

టులెట్ బోర్డు

ఆ మూడోదాని గురించి ఆలోచిస్తూ ఒక సాయంత్రం గేటు తీస్తుంటే నాకు గుండె ఝల్లుమంది. కనెక్షన్ ఇచ్చిన రోజు నెట్ కుర్రాడు "గుర్తుండేది పెడతా మేడం" అని మా ఆయన మొబైల్ నంబర్‌నే పాస్‌వర్డ్‌గా పెట్టాడు. మన ఊళ్లో సగం ఇళ్లలో ఇంతే అనుకుంటా. ఎవరైనా అడిగితే సులువుగా చెప్పొచ్చని మేమూ మార్చలేదు. అదే నంబర్ మా గేటుకి ఉన్న టులెట్ బోర్డు మీద, వీధిలో వెళ్లేవాళ్లందరికీ కనపడేంత పెద్ద అంకెల్లో ఉంది. ఏళ్ల తరబడి.

బోర్డు లేకపోయినా మొబైల్ నంబర్ మంచి పాస్‌వర్డ్ కాదు. మన నంబర్లు 6 నుంచి 9 లోపు అంకెతో మొదలై పది అంకెలుంటాయి. అన్నీ కలిపి 400 కోట్లు. మనిషికి అది అంతులేని లెక్క. కానీ ఇళ్లలో ఎక్కువగా ఉండే డబ్ల్యూపీఏ2 అనే వైఫై తాళం పద్ధతిలో, ఫోన్ రౌటర్‌తో కలిసే క్షణంలో గాలిలో జరిగే మాటామంతీని ఒకసారి పట్టుకుంటే చాలు, తర్వాత ఎక్కడో కూర్చుని పాస్‌వర్డ్‌లు వరసగా వేసి చూడొచ్చు. మంచి గ్రాఫిక్స్ కార్డు ఉన్న కంప్యూటర్‌కి ఈ 400 కోట్లు కొన్ని గంటల పని. 2018లో వచ్చిన డబ్ల్యూపీఏ3 ఈ దారి మూసేసింది. మీ బాక్స్‌లో ఉంటే అది పెట్టుకోండి. డబ్ల్యూపీఎస్ అని, పాస్‌వర్డ్ బదులు బటన్‌తోనో పిన్‌తోనో కలిపే సదుపాయం ఉంటే తీసేయండి. దాని ఎనిమిది అంకెల పిన్‌ని రౌటర్ రెండు ముక్కలుగా సరిచూస్తుంది కాబట్టి 11 వేల ప్రయత్నాలు సరిపోతాయని 2011లోనే బయటపడింది.

ఇదంతా రాస్తూ కూడా నా అభిప్రాయం మారలేదు. నిజంగా బయటివాడు వచ్చిన సందర్భంలో కూడా ఆ జాబితా ఆ బయటివాడెవరో చెప్పదు. ఫోన్ పేరు ఎవరైనా మార్చుకోవచ్చు. అడ్రస్ దానంతట అదే మారుతుంది. ఆ వరుసని బ్లాక్ చేస్తే కొత్త అడ్రస్‌తో మళ్లీ వస్తుంది. ఎవరో కనిపెట్టాలని తిరిగే శ్రమంతా వృథా. పాస్‌వర్డ్ మారిస్తే ఆ ఎవరో ఎవరైనా ఆగిపోతారు. మూడో వరుస ఎవరిదో నాకు తెలియకుండానే పోయింది, మళ్లీ రాలేదు.

పోతే ఏం పోతుంది?

ఈ ప్రశ్న మా ఇంట్లోనే వచ్చింది, అత్తయ్య నోటి నుంచి. "అన్‌లిమిటెడ్ అంటావుగా. వాళ్లు వాడుకుంటే నీకేం తరుగుతుంది? వరదల్లో ఇచ్చింది ఇప్పుడు లాక్కుంటావా?" అన్నారు. నేను చాలా రోజులు దీనికి జవాబు చెప్పలేకపోయాను.

ఎందుకంటే నిజంగానే పెద్దగా తరగదు. చాలా ప్లాన్లలో నెలకి 3300 జీబీ దాకా వేగం తగ్గదు, మా ఇల్లూ పై వాటా కలిసినా అందులో పావు వంతు వాడం. నెట్ నెమ్మదించిందంటే ఎవరో వాడుతున్నారనుకోవడం కూడా తొందరపాటే. మా హాల్లో నెట్ ఆగిపోయేది ఎక్కువగా మైక్రోవేవ్ పెట్టినప్పుడు. అదీ వైఫైలో 2.4 గిగాహెర్ట్జ్ పద్ధతీ ఒకే తరంగాల దగ్గర పనిచేస్తాయి.

మరి ఎందుకు కాదన్నాను? కనెక్షన్ మా ఆయన పేరు మీద ఉంది. మా బాక్స్ నుంచి బయటికి వెళ్లిన ప్రతిదీ బయటి ప్రపంచానికి ఆయన చేసిన పనే. 2008 జులై 26న అహ్మదాబాద్ పేలుళ్లకి కొద్ది నిమిషాల ముందు వార్తా సంస్థలకి వెళ్లిన ఈమెయిల్‌ని వెతుక్కుంటూ పోలీసులు నవీ ముంబైలో ఒక అమెరికన్ ఉంటున్న ఫ్లాట్‌కి చేరారు. ఆయన వైఫైని ఎవరో వాడుకున్నారు. ఆ మెయిల్‌తో ఆయనకి సంబంధం లేదని తేలేలోపు ఆయన ఎన్ని విచారణలకి హాజరయ్యారో అప్పటి పేపర్లు చదివినవాళ్లకి గుర్తుండే ఉంటుంది. వైఫైకి తాళం వేయించాలని టెలికాం శాఖ నెట్ కంపెనీలకి ఆదేశాలిచ్చింది ఆ తర్వాతే, 2009లో.

పై వాటా ఆయన అలాంటి పని చేస్తారని నేను కలలో కూడా అనుకోను. కానీ ఆయన చిన్న రౌటర్ పాస్‌వర్డ్ ఎవరెవరికి ఇచ్చారో నాకు తెలియదు, బహుశా ఆయనకీ గుర్తుండదు. ఐటీ చట్టం 43వ సెక్షన్, 66వ సెక్షన్ కలిపి చదివితే, అనుమతి లేకుండా ఇతరుల నెట్‌వర్క్‌లోకి దురుద్దేశంతో వెళ్లడం నేరం, మూడేళ్ల దాకా జైలు, లేదా అయిదు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ఇందులో కీలకమైన మాట అనుమతి. పై వాటాకి అత్తయ్య అనుమతి ఇచ్చారు. ఎప్పటి దాకా అన్నది చెప్పలేదు. వాళ్లు అడగలేదు, మేము చెప్పలేదు. తప్పు ఎక్కడైనా ఉంటే ఆ చెప్పకపోవడంలో ఉంది, వాళ్లలో కాదు.

ఇంకొకటి, ఇది నెట్ వాడుకోవడంతో ఆగదు. ఒకే వైఫైలో ఉన్నవాళ్లు ఒకే ఇంట్లో ఉన్నట్టే. మా టీవీ వాళ్ల పాపకి కనిపించింది కాబట్టే పిల్లి వచ్చింది. ప్రింటర్ కనిపిస్తుంది. గేటు కెమెరాకి సరైన పాస్‌వర్డ్ లేకపోతే అదీ కనిపించవచ్చు. 2016లో మిరాయ్ అనే వైరస్ ప్రపంచమంతా లక్షల కెమెరాలనీ రౌటర్లనీ పట్టుకుంది. దాని దగ్గర ఉన్న ఆయుధమల్లా కంపెనీ పెట్టిన పాస్‌వర్డ్‌లు ఓ అరవై దాకా దగ్గర పెట్టుకుని వేసి చూడటమే. మా కెమెరాకి ఆ రోజు దాకా కంపెనీ పెట్టినదే ఉంది.

రాత్రి 1:40

నా వాదనకి ఎదురుగా నిలబడే సంఘటన ఒకటి ఉంది. అది చెప్పకపోతే ఇది నిజాయితీ గల వ్యాసం కాదు.

జాబితా చూడటం అలవాటయ్యాక మా ఆయన ఫోన్‌లో రౌటర్ యాప్ పెట్టుకున్నారు. అందులో ఏ ఫోన్ ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు పోయిందీ గంటలతో సహా ఉంటుంది. ఒక రోజు టిఫిన్ దగ్గర "రాత్రి 1:40 దాకా ఏం చేస్తున్నావురా?" అని అబ్బాయిని అడిగేశారు. వాడు ఇడ్లీ పక్కన పెట్టేశాడు. "నన్ను చూస్తున్నావా నాన్నా?" అన్నాడు. అరవలేదు. అరిస్తే బాగుండేది. ఆ తర్వాత పది రోజులు వాడు వైఫై వాడలేదు, మొబైల్ డేటాతోనే సరిపెట్టుకున్నాడు. ఆ రాత్రి వాడు ఏం చేస్తున్నాడో తర్వాత తెలిసింది: స్నేహితుడి తండ్రికి ఆపరేషన్, వాడు ఆసుపత్రి వరండాలో ఒక్కడే కూర్చుంటే వీడు తోడుగా చాట్ చేస్తున్నాడు.

ఇంట్లో ఏ వస్తువులు నెట్‌లో ఉన్నాయో తెలుసుకోవడం ఇంటి బాధ్యత. ఇంట్లో మనుషులు ఎప్పుడు మేలుకున్నారో, ఎప్పుడు పడుకున్నారో లెక్క రాయడం ఇంకో పని. రెండూ ఒకే తెర మీద, ఒక వేలి దూరంలో ఉన్నాయి. మా ఆయన్ని తప్పు పట్టను, తెర మీద కనిపిస్తే ఎవరైనా చదువుతారు. కానీ ఆ రోజు నుంచి మా ఇంట్లో యాప్ లేదు. నెలకోసారి, ఆదివారం, హాల్లో అందరం ఉన్నప్పుడు ల్యాప్‌టాప్‌లో పేజీ తెరుస్తాం, నోటుపుస్తకంతో సరిచూస్తాం, మూసేస్తాం. ఎవరు చూస్తున్నారో, ఏం చూస్తున్నారో అందరికీ తెలిసేలా చూడాలని నా పట్టుదల. పిల్లవాడి వయసుని బట్టి మీరు వేరేగా అనుకోవచ్చు. అయిదో తరగతి పిల్లవాడి విషయంలో నేనూ వేరేగానే అనుకుంటానేమో. పదహారేళ్లవాడి విషయంలో మాత్రం రౌటర్ చూపించే గంటల మీద ఆధారపడే తల్లిని కాకూడదనుకున్నాను.

పై వాటాకి వెళ్లిన సాయంత్రం

పాస్‌వర్డ్ మార్చే ముందే పైకి వెళ్లి చెప్పాలనుకున్నాను. చెప్పకుండా మార్చేస్తే సులువే. చాలామంది ఇచ్చే సలహా కూడా అదే, గొడవ ఉండదని. కానీ ఏడాదికి పైగా వాడుకుంటున్న ఇంట్లో ఒక రాత్రి నెట్ ఆగిపోతే, కారణం తెలిసి కూడా వాళ్లు నన్ను అడగలేరు, అడగకుండా మెట్ల మీద ఎదురుపడాలి. ఆ మౌనం కన్నా ఒక ఇబ్బందికరమైన సాయంత్రం మేలనిపించింది.

ఆ అమ్మాయి తలుపు తీసి, నా ముఖం చూడగానే "హారతి రోజు మా పాపేనటక్కా. మామ్మగారు చెప్పారు. నాకు తల కొట్టేసినట్టయింది" అంది. నేను ఇంకా కూర్చోలేదు. ఆయన బయటికి వచ్చి, సగం డబ్బులు ఇస్తామన్నారు. "మీరు నెలకి ఎంత కడుతున్నారో చెప్పండి మేడం, ముందే అడగాల్సింది" అన్నారు. డబ్బు తీసుకుంటే మొహమాటం పోయేది, నిజమే. కానీ బాధ్యత నా పేరు మీదే ఉండిపోయేది, పైగా డబ్బు తీసుకున్నాక వద్దనే హక్కు ఉండదు. అది కూడా ఉన్నది ఉన్నట్టు చెప్పాను. కనెక్షన్ ఆయన పేరు మీద ఉంటే ఆయనకీ మంచిదే, రేపు ఇల్లు మారినా తీసుకెళ్లొచ్చు. ఆయన ముఖం కొంచెం ముడుచుకుంది. వారం రోజులు మెట్ల దగ్గర పలకరింపు తగ్గింది. ఇది బాగా జరిగిందని నేను చెప్పుకోను. ఇంకా బాగా ఎలా చెప్పొచ్చో నాకు తట్టలేదు.

మార్చడం మాత్రం ఒక ఆదివారమంతా తినేసింది. ఫోన్లు అయిదు నిమిషాలు. గీజర్ ప్లగ్గు 2.4 గిగాహెర్ట్జ్‌లో తప్ప కలవదు. ఇన్వర్టర్ స్టిక్ కోసం అబ్బాయి ఎండలో మేడ మీద గంట కూర్చున్నాడు. రౌటర్ పేజీ లాగిన్ కూడా మార్చాం. కొత్త పాస్‌వర్డ్ నాలుగు తెలుగు మాటలు ఇంగ్లిష్ అక్షరాల్లో, మధ్యలో ఖాళీలు లేకుండా. ఎంచింది అత్తయ్య. నాలుగూ కూరగాయలు కావు, దేవుళ్లు కావు, ఒకదానికొకటి సంబంధం లేనివి. అంతకు మించి ఇక్కడ చెప్పను.

అతిథుల కోసం వేరే వైఫై పెట్టాం. చాలా బాక్స్‌లలో ఆ సదుపాయం ఉంది, అందులో చేరినవాళ్లకి నెట్ వస్తుంది, మా టీవీ, ప్రింటర్, కెమెరా కనిపించవు. దాని పాస్‌వర్డ్ ఫ్రిజ్ మీద అంటించాను, మళ్లీ. ప్రతి నెలా ఒకటో తారీఖున మారుతుంది, ఆ కాగితం కింద ఆ మాట కూడా రాసి ఉంటుంది. ఎవరికి ఇచ్చినా ఎప్పటి దాకానో ఇచ్చేటప్పుడే తెలిసిపోతుంది. అత్తయ్య అడిగిన ప్రశ్నకి నేను ఇవ్వగలిగిన జవాబు ఇదే. ఆవిడ కాగితం చదివి, "అయితే ఇవ్వొచ్చన్నమాట" అన్నారు.

పై వాటావాళ్లు కనెక్షన్‌కి డబ్బు కట్టారు. కేబుల్ లాగడానికి మనిషి రావడం ఆలస్యమైంది. ఆ లోపు ఆ అమ్మాయి ఒకసారి కిందికి వచ్చి, ఫ్రిజ్ దగ్గర నిలబడి, ఫోన్‌లో అక్షరాలు ఒక్కొక్కటే కొట్టుకుంది. ఆ నెల ఆదివారం లెక్కలో మా వైఫైలో పదమూడు వరుసలు, నోటుపుస్తకంలో పదమూడు పేర్లు. అతిథుల వైఫైలో ఒకటి. దాని పక్కన అబ్బాయి పెన్సిల్‌తో "పైన అక్క, 30 దాకా" అని రాశాడు.